చింతపిప్పితో తోమిన పొట్టి తుపాకీ

మా రబ్బరు తోట దొర దగ్గర రెండు తుపాకులుండేవి. ఒకటి పొడుగుది. అలాంటిది ప్రతి తోట దొర దగ్గరా ఉండేది. రెండోది పొట్టిది. దానిలాంటిది అంతకు ముందు గాని ఆ తర్వాత గాని నేను చూడలేదు. మొత్తం కలిపి మూరెడు. భుజానికి ఆనించుకునే చెక్క లేదు, దాని బదులు పిస్తోలుకున్నట్టు వంపు తిరిగిన పిడి. పిడి చూస్తే పిస్తోలు. ముందున్న రెండు లావుపాటి గొట్టాలు చూస్తే తుపాకీ. అందులో పెట్టేవి పిస్తోలు గుండ్లు కావు, పొడుగు తుపాకీలో పెట్టే తూటాలే. బొటనవేలంత లావున అట్టగొట్టం, దాని అడుగున ఇత్తడి బిళ్ళ, లోపల ఆవగింజల కన్నా కాస్త పెద్దవి సీసపు గుళ్ళు. పేలిస్తే అవన్నీ విత్తనాలు చల్లినట్టు ఒక్కసారి పోతాయి.

దొర మోటారు సైకిలు మీద తోట తిరిగేవాడు. పొడుగు తుపాకీ వీపున వేసుకుంటే తీగలకు తగులుకునేది. అందుకని ఈ పొట్టిదాన్ని తోలుసంచిలో పెట్టి నడుముకు కట్టుకునేవాడు. కాలవ గట్ల మీద తాచుపాములు ఎక్కువ. నాలుగడుగుల దూరంలో పాము పడగెత్తితే గురి చూసే తీరిక ఎవరికి ఉంటుంది? దీనికి గురి అక్కరలేదు, అటు తిప్పి నొక్కితే చాలు. దూరంగా ఉన్నదాన్ని మాత్రం ఏమీ చేయలేదు, ఆకులు రాలతాయంతే. ఒకసారి దొర ఒంటి చేత్తో పేల్చి మణికట్టు బెణికించుకున్నాడు. రెండు రోజులు చేతికి గుడ్డ కట్టుకుని తిరిగాడు.

"దొర పామును కొట్టినాడా, పాము దొరను కొట్టిందా?" అని లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

నా పెనిమిటి ఆ దొర బంగళాలో పనిచేసేవాడు. అంతకు ముందు అందరిలాగే రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు తీసేవాడు. మా పెళ్ళయిన ఏడాదికి ఆ గాటు పెట్టే కత్తి జారి పాదం మీద పడింది. నరం తెగింది. గాయం మానింది గాని కాలు మానలేదు. కుంటుకుంటూ రోజుకు అన్ని వందల చెట్లు తిరగడం అతని వల్ల కాలేదు. దొర దయతలచి బంగళాలో పెట్టుకున్నాడు. బూట్లు తుడవడం, దీపాలు తుడవడం, తుపాకులు తుడవడం.

అవి రబ్బరు ధర పడిపోయిన రోజులు. మలయాలో మా సుంగై సిపుట్ ఊరి చుట్టుపక్కల తోటలన్నిటిలోనూ ఒకటే మాట. పని లేనివాళ్ళ పేర్లు జాబితా రాసి, పినాంగు రేవుకు తీసుకెళ్ళి ఓడెక్కించి, వచ్చిన చోటికి పంపేస్తున్నారు. పని పోతే లైనులో గది పోతుంది. గది పోతే ఓడే. నేను ఏడేళ్ళ పిల్లప్పుడు మా అమ్మ కొంగు పట్టుకుని ఆ ఓడ దిగాను. అమ్మా నాన్నా ఈ మట్టిలోనే కలిసిపోయారు. అటువైపు నా ముఖం చూసి ఫలానావాళ్ళ పిల్ల అనేవాళ్ళు ఒక్కరు లేరు. బంగళా పని ఒక్కటే మమ్మల్ని ఇక్కడ ఉంచుతోంది. ఈ సంగతి నా పెనిమిటికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం పైకి అనుకునేవాళ్ళం కాము.

దసరా వచ్చింది. మా తోటలో ఆయుధ పూజ గట్టిగా చేసేవాళ్ళు. పాలు తీసే కత్తులు, పాల బకెట్లు, గడ్డపారలు, గుమాస్తా గారి కలం, చివరికి ఆసుపత్రి కత్తెర కూడా అమ్మవారి షెడ్డులో వరసగా పెట్టి పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళు. అన్నీ తళతళలాడేటట్టు తోమి తేవాలి. పెట్టాక మర్నాడు పొద్దున హారతి అయ్యేదాకా దేన్నీ ముట్టుకోకూడదు, వాడకూడదు. దొర తుపాకీ కూడా ఆ వరసలో ఉండాలని వాడుక. పాత దొర నాటి నుంచీ ఉంది. పూజ చేయని తుపాకీ ఎదురు తన్నుతుందని మావాళ్ళ నమ్మకం. ప్రతి ఏడూ పొడుగు తుపాకీ వచ్చేది. ఆ ఏడు దాని చెక్క పగిలి ఈపో పట్నంలో బాగుచేయడానికి ఇచ్చారు. అందుకని ముందు రోజు మధ్యాహ్నం నా పెనిమిటి పొట్టిదాన్ని తూటాలు తీసేసి, ఖాళీగా ఇంటికి తెచ్చాడు.

"రేపు పొద్దున్న అట్టుకెల్లాలి. జాగర్తగా ఎట్టు," అన్నాడు. అరటి బోదెలు నరకడానికి వాగు వైపు వెళ్ళిపోయాడు.

నేను దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. గొట్టాలు నల్లగా ఉన్నాయి. కాటుక పట్టిన దీపం సెమ్మెలాగా, నీలం కలిసిన నలుపు. ఇన్నాళ్ళుగా పేల్చీ పేల్చీ పట్టిన మసి అనుకున్నాను. పక్కవాళ్ళ గడ్డపారలు గుమ్మాల్లో వెండిలా మెరుస్తున్నాయి. మా ఇంటి నుంచి అమ్మవారి దగ్గరికి మసిపట్టిన ఇనుము వెళ్తుందా? నేను బడికి వెళ్ళింది రెండేళ్ళు. అక్కడ అక్షరాలు చెప్పారు, తుపాకుల సంగతి చెప్పలేదు.

ముందు రోజు పులుసుకు పిండిన చింతపిప్పి చిప్పలో ఉంది. నేను పిప్పిని రెండుసార్లు పిండాక కూడా పారేసేదాన్ని కాదు. అందులో ఉప్పు వేసి గొట్టాలకు పట్టించి, ఒక జాము ఎండలో పెట్టాను. తర్వాత ఇటుకపొడి, కొబ్బరిపీచు తీసుకుని గుమ్మంలో కూర్చున్నాను. మసి సులువుగా రాలేదు. అది రాకపోయేకొద్దీ నాకు పంతం వచ్చింది.

పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. వరసకు ఏమీ కాకపోయినా నేను అత్తా అనేదాన్ని. ఆమె చుట్ట కాలుస్తూ వచ్చి నిలబడింది.

"ఏటే గుంటా, అంతలా రుద్దుతున్నావు? దొరగారి తుపాకీయేటి అది?"

"అవునత్తా. ఎన్నాళ్ళ మసో. ఈళ్ళు బంగళాలో ఏటి తుడుత్తారో గాని."

"మొగోళ్ళు తుడిసింది తుడిసినట్టుంతాదేటి? ఆ మూల ఇంకా నల్లగున్నాది సూడు," అని చుట్టతో చూపించింది.

ఆ మూల కూడా తోమాను. సాయంత్రానికి రెండు గొట్టాలూ కొత్త చెంబుల్లా తెల్లగా వచ్చాయి. నా చేతులు బొబ్బలెక్కాయి. మనసు మాత్రం నిండుగా ఉంది. ముగ్గు వేసిన పీట మీద దాన్ని పెట్టి, నా పెనిమిటి ఏమంటాడో అని చూస్తూ కూర్చున్నాను.

అతను బోదెలు గుమ్మంలో దించాడు. పీట వైపు చూశాడు. మెల్లగా కూర్చుని, గొట్టం మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

"దీని నలుపేది?"

"తోమేసినాను."

"తోమేసినావా," అన్నాడు. వేలు పంచెకు తుడుచుకుని, "అది మసి కాదే. దాని సర్మం. ఇనుము తుప్పట్టకుండా సీమలో మందులో ముంచి ఆ రంగు ఎక్కిత్తారు. దొర దాని మీద గోరు కూడా ఆననీడు. నన్ను నూనె గుడ్డతో తప్ప ముట్టుకోవద్దన్నాడు."

"ఆ ముక్క మజ్జాన్నం సెప్పొద్దా?"

"తుపాకీని సింతపండెట్టి తోముతావని నాకేటి తెలుసు?"

అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. కాలు చాపుకుని ఆ మానిన మచ్చ వైపు చూస్తూ కూర్చున్నాడు. జాబితా సంగతి ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఒక్క సాకు దొరికితే చాలు, కుంటివాడి పేరు ముందు రాస్తారు.

ఆ రాత్రికి చేసేదేమీ లేదు. మర్నాడు తుపాకీ వరసలోకి వెళ్ళింది. అందరి కళ్ళూ దాని మీదే. పూజ చేసే తాత, ఇన్నేళ్ళలో దొర ఇంత శుభ్రమైన తుపాకీ పంపలేదని మెచ్చుకుని, మిగతావాటికంటే ఎక్కువ పసుపు నీళ్ళు చల్లాడు. అక్షింతలు వేశాడు, గుమ్మడికాయ కొట్టాడు. నా పెనిమిటి నిలబడి చూశాడు. తుడుద్దామంటే ముట్టుకోకూడదు. ఆ రోజంతా వాన. షెడ్డు తడిక సందుల్లోంచి జల్లు కొట్టింది. నేను శనగలు పంచుతూ నాలుగుసార్లు తొంగి చూశాను. అది అక్కడే తడిసిన బొట్లతో మెరుస్తూ ఉంది.

మర్నాడు పొద్దున హారతి అయ్యాక ఇంటికి తెచ్చి చూస్తే, గొట్టాల మీద ఎర్రటి చుక్కలు. పసుపు నీళ్ళు ఎక్కడ పడ్డాయో అక్కడల్లా తుప్పు పొక్కింది. ఒక్క రోజులో.

అత్త ఉపాయం చెప్పింది. "ఆముదంలో దీపం మసి కలిపి పూసెయ్యండి. నల్లగా ఉంతాది. దొర కళ్ళద్దాలెట్టుకుని సూత్తాడేటి?"

నా పెనిమిటికి ఆశ పుట్టింది. పూశాడు కూడా. నిజంగానే నల్లగా వచ్చింది. నేను దగ్గరకెళ్ళి గొట్టాలు పట్టుకుని, నా అరచెయ్యి అతనికి చూపించాను. బొగ్గు తవ్వినట్టుంది.

"దొర అట్టుకోగానే సేతికంటుతాది. అప్పుడు ఒక తప్పు రెండు తప్పులవుతాది. తుడిసెయ్యి," అన్నాను.

"తుడిసేసి ఏటి సెప్పమంటావు?"

"నువ్వేటీ సెప్పకు. తోమింది నాను. నానే వత్తాను."

గుడ్డతో మసి తుడిచి, నూకపిండితో జిడ్డు తీసి, తెల్లగా ఉన్నదాన్ని తెల్లగానే పట్టుకుని బంగళాకు నడిచాం. వెనక గుమ్మంలో చీనా వంటవాడు కోడి ఈకలు పీకుతున్నాడు. తుపాకీని చూసి చేతిలో కోడిని జారవిడిచాడు. "మాతీ లా," అన్నాడు మలాయిలో. చచ్చారు పొండి అని. నా పెనిమిటి వైపు చూసి తలాడించి మళ్ళీ కోడి అందుకున్నాడు.

దొర వరండాలోకి వచ్చాడు. పొడుగాటి మనిషి, పెద్దగా మాట్లాడడు. కూలీలతో అరవంలో మాట్లాడేవాడు, మేమూ అరవంలోనే జవాబు చెప్పేవాళ్ళం. ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను. తుపాకీని తీసుకున్నాడు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. మెడ దగ్గర ఎర్రబడడం మొదలై చెవుల దాకా ఎక్కింది.

"ఎవరు చేశారిది?"

నా పెనిమిటి నోరు తెరిచాడు. నేను ముందే అన్నాను. "నానేనండి. ఈయన ఇంటికాడ లేడు."

"దేనితో?"

"సింతపిప్పండి. ఉప్పు, ఇటికపొడి."

ఆయన ఆ మాట నమ్మనట్టు నా పెనిమిటి వైపు చూశాడు. అతను నేల చూశాడు. దొర తుపాకీని మధ్యకు విరిచాడు. అది అలాగే తెరుచుకుంటుంది, వెనక నుంచి తూటాలు పెట్టడానికి. రెండు గొట్టాలూ కంటికి ఎదురుగా, వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. అద్దంలా నున్నగా ఉండాలట లోపల. మామూలు పిస్తోలు గొట్టంలో మెలి తిరిగిన గీతలుంటాయి, దీనిలో చల్లే గుళ్ళు పోవాలి కాబట్టి గీతలుండవు. అక్కడ తుప్పు పట్టినా, గరుకు పడినా తుపాకీ పనికి రాదు. ఇదంతా తర్వాత నా పెనిమిటి చెప్పాడు. అప్పుడు నాకు దొర కన్ను ఒక్కటే కనబడుతోంది.

"లోపల తోమలేదా?"

"నేదండి."

"ఎందుకని?"

"లోపల ఎవలికి కనబడతాది దొరగారూ? పిప్పి దండగ."

దొర ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తోట వైపు చూస్తూ కొంతసేపు నిలబడ్డాడు. భుజాలు కదిలాయి. వంటవాడు పక్క నుంచి చూసి, దొర నవ్వాడని తర్వాత అందరికీ చెప్పాడు. నాకైతే దొర తిరిగినప్పుడు నవ్వు కనబడలేదు. సొరుగులోంచి రెండు తూటాలు తెచ్చుకుని, మెట్లు దిగి, బొప్పాయి చెట్టుకు పది అడుగుల దూరంలో నిలబడి, ఈసారి రెండు చేతులతో పట్టుకుని పేల్చాడు. చెవులు గింగురుమన్నాయి. ఒక ఆకు జల్లెడైంది. తుపాకీకి ఏమీ కాలేదు.

అప్పుడు చెప్పాడు. "ఈ రంగు మళ్ళీ వెయ్యాలంటే సీమకు పంపాలి. ఈ కాలంలో పంపను. రంగు లేని ఇనుము ఈ దేశంలో ఒక్క రోజు బతకదు, మీరే చూశారు. ఇక నుంచి ఇది నీ పని," అని నా వైపు వేలు చూపించాడు. "నాకు కావలసినప్పుడు అడుగుతాను. ఒక్క ఎర్ర చుక్క కనబడిన రోజు మీ ఇద్దరి పేర్లూ జాబితాలో రాయిస్తాను."

చిన్న సీసాలో తుపాకీ నూనె ఇచ్చాడు. తోలుసంచితో సహా తుపాకీని మా చేతిలో పెట్టాడు, తూటాలు ఖాళీ చేసి. బంగళా వెనక సామాన్ల గది తాళం నా పెనిమిటి దగ్గరే ఉండేది, తుపాకీ అక్కడ ఉండాలి. నేను రోజూ వచ్చి చూసుకోవాలి.

ఆ వానాకాలం నాకు ఇప్పటికీ గుర్తే. గోడలకు చెమట పట్టేది. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి ఇంకా తడిగా ఉండేది. నూనె గుడ్డతో రోజూ తుడిచినా, మర్నాడు తుపాకీ విరిచే మడత దగ్గర ఎక్కడో చిన్న ఎర్రమచ్చ కనబడేది. గోటితో గీకి, మళ్ళీ నూనె. సీసా తరిగిపోతోంది. ఇంకో సీసా అడగడం నాకు ఇష్టం లేదు. కొబ్బరినూనె పూస్తే రెండు రోజులకు బంకలా అయింది. నా పెనిమిటి మళ్ళీ మాటలు తగ్గించాడు.

ఒకనాడు అన్నంలోకి ఉప్పు తీస్తూ ఆగిపోయాను. మా ఇంట్లో ఉప్పు చెమ్మగిల్లేది కాదు. మా అమ్మ ఉప్పు జాడీలో అడుగున వేయించిన బియ్యం వేసేది, నేనూ వేసేదాన్ని. ఉప్పును కాపాడే బియ్యం ఇనుమును కాపాడదా?

బంగళాలో బిస్కత్తులు అయిపోయిన పెద్ద రేకు డబ్బా వంటవాణ్ణి అడిగి తెచ్చుకున్నాను. మంచి బియ్యం ఎందుకని నూకలు తీసుకుని, ఎర్రగా వేయించి, చల్లారాక గుడ్డలో మూట కట్టి అడుగున పెట్టాను. దాని పైన నూనె గుడ్డ చుట్టిన తుపాకీ, పక్కన తోలుసంచి. మూత సందు చుట్టూ మైనం. నాలుగు రోజులకొకసారి నూకలు తీసి, అవే మళ్ళీ పెనం మీద వేయించి, మళ్ళీ మూట కట్టేదాన్ని.

నా పెనిమిటి చూసి, "తుపాకీకి అన్నం వండుతున్నావేటే?" అన్నాడు. ఆయుధ పూజ తర్వాత అతని నోట వచ్చిన మొదటి వేళాకోళం అదే.

"నీకన్నా నయం. కూర అడగదు," అన్నాను.

మొదటి నాలుగు రోజులు గడిచాక మూత తీస్తే మచ్చ లేదు. ఎనిమిది రోజులకు లేదు. సీసాలో నూనె అక్కడే ఆగింది.

వాన తగ్గకముందే జాబితా వచ్చింది. పొద్దున హాజరు దగ్గర గుమాస్తా చదివాడు. మా లైనులో తొమ్మిది కుటుంబాలు. తర్వాత, బంగళాలో నలుగురు పనివాళ్ళు ఎక్కువ, ఇద్దరు చాలని పై నుంచి ఉత్తరం వచ్చిందనీ, ఎవరుండాలో దొర మధ్యాహ్నం చెప్తాడనీ అన్నాడు. వంటవాడు లేకపోతే దొరకు తిండి లేదు, అతను ఉంటాడు. మిగిలింది ఒక్క చోటు. తోటమాలి, నీళ్ళు మోసేవాడు, నా పెనిమిటి. ఆ ఇద్దరికీ రెండు కాళ్ళూ బాగున్నాయి.

మధ్యాహ్నం దొర నన్ను కూడా రమ్మని కబురు పెట్టాడు. "డబ్బా పట్టుకు రా."

నేను డబ్బా తెచ్చి వరండాలో దించాను. మైనం గీకి మూత తీశాను. దొర గుడ్డ విప్పాడు. గొట్టాలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. కళ్ళద్దాలు తెప్పించుకుని మరీ చూశాడు. మడత విరిచి చూశాడు. తోలుసంచి తెరిచాడు. అందులో తను ఎప్పుడో మరిచిపోయిన తూటాలు రెండున్నాయి. సంచి అడుగు జేబులో ఉన్నాయని మాకూ తెలియదు. వాటిని గొట్టాల్లో వేశాడు. టక్కున దిగాయి. ఆయన కనుబొమ్మలు లేచాయి.

లోపలికి వెళ్ళి తన సొరుగులో ఉన్న తూటాల పెట్టె తెచ్చాడు. అందులోంచి ఒకటి తీసి పెట్టబోయాడు. సగం దిగి ఆగిపోయింది. ఇంకొకటి, అదీ అంతే. ఆ అట్టగొట్టాలు చెమ్మకు ఉబ్బిపోయాయి. పాము ఎదురైనప్పుడు తుపాకీ నిండకపోతే, చేతిలో ఉన్నది మూరెడు ఇనుపముక్కే కదా.

"ఇందులో ఏం వేశావు?" అని డబ్బా చూపించాడు.

"నూకలండి. ఏయించి."

నూకల మూట పైకెత్తి వాసన చూశాడు. కింద పెట్టాడు. తూటాల పెట్టె మొత్తం తీసి నా ముందు నేల మీద పెట్టి, నా పెనిమిటితో అన్నాడు. "రేపటి నుంచి ఇవి కూడా అందులోనే ఉండాలి. తాళం నీ దగ్గరే. పోగొట్టావా, చూడు."

రేపటి నుంచి అన్నాడు. నా పెనిమిటికి ఆ మాట చెవిన పడింది, కాని లోపలికి దిగలేదు. చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. తోటమాలికీ నీళ్ళు మోసేవాడికీ ఆ సాయంత్రమే చెప్పేశారు. ఆ ఇద్దరి ఆడవాళ్ళకూ నేను తలా ఒక గిద్దెడు పచ్చడి, వేయించిన శనగలు కట్టి ఇచ్చాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను.

కాని వరండాలో అప్పుడు నాకు కనబడుతున్నది తూటాల పెట్టె ఒక్కటే. డబ్బా వైపు చూశాను, పెట్టె వైపు చూశాను. కొలిచి చూడకుండానే తెలిసింది.

"దొరగారూ, ఈ డబ్బా సాలదండి. పెద్దదొకటి ఇప్పించండి," అన్నాను.

దొర నా వైపు ఒక్క క్షణం చూసి, వంటవాణ్ణి పిలిచి, పిండి డబ్బా ఖాళీ చేసి ఇమ్మని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

మెట్లు దిగాక నా పెనిమిటి కుంటుకుంటూ నా పక్కకు వచ్చాడు. నెత్తిన కొత్త డబ్బా. దాని అంచు నుంచి ఇంకా పిండి రాలుతోంది.

"ఓడెక్కమంటాడేమోనని నాను సచ్చిపోతుంటే, నువ్వు డబ్బా అడుగుతావేటే?"

"మరి దేన్లో ఎట్టమంటావు?" అన్నాను. "కాస్త వంచకుండా నడువు. ఆ పిండి ఒలికిపోతున్నాది, రాత్రికి రొట్టికి వత్తాది."